నలుగురూ చూస్తుండగా

ప్రచురణాలయంలో ఆమెను అందరూ గీతలమ్మ అనేవారు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం ఆమె పని. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు దొరికిన కాగితం మీద ఒక గీత గీసి, ఆ తర్వాతే నోరు విప్పేది. అలా ఆ పేరు అతుక్కుపోయింది. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. మనిషి పేరు అంత తేలిగ్గా జారిపోవడం మంచిది కాదని అప్పుడెవరికీ తోచలేదు, ఆమెకు అసలే తోచలేదు.

సంపాదకుడు పిలిచి 'ఉప్పుగుహ' పుస్తకం చేతిలో పెట్టిన రోజున గీతలమ్మకు కాళ్ళు నేల మీద నిలవలేదు. చదువుకున్నవాళ్ళు ఉన్న ఏ ఇంట్లో వెతికినా అట్ట ఊడిన ఉప్పుగుహ ఒకటి దొరుకుతుంది. తాతలు చదివారు, తండ్రులు చదివారు, వాళ్ళ పిల్లలు దుప్పటి కింద దూరి చదివారు. కథ పెద్దదేమీ కాదు. ఒక పెద్దవాడు, వాడి చెల్లెలు, పక్కింటి బక్కోడు, మొత్తం ముగ్గురు పిల్లలు, సముద్రపొడ్డున ఉప్పుగుహలో చిక్కుకుపోయిన ముసలి ఓడసరంగును వెతుక్కుంటూ వెళతారు. దానికి ఇప్పటిదాకా నలుగురు చిత్రకారులు నాలుగు కూర్పుల్లో బొమ్మలు వేశారు. ఐదో కూర్పు గీతలమ్మ వంతుకు వచ్చింది. పాత బొమ్మలు చూడమన్నాడు సంపాదకుడు, చూసి గీయొద్దన్నాడు.

ఇంటికి వచ్చి, కిటికీ ఉన్న తన పనిగదిలో నాలుగు కూర్పులనూ నేల మీద పరిచి, మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

మొదటాయనది ఉక్కుపాళీ. అడ్డంగా, నిలువుగా గీత మీద గీత వేసి గోనెసంచి నేసినట్టు నేశాడు. తెల్లకాగితం కాస్త కనిపిస్తే ఆయనకు ప్రాణం ఒప్పదు. తాడు గీశాడంటే అందులోని పీచు కూడా గీయాల్సిందే. రెండో ఆయన కుంచె మనిషి. పేజీలో సగం చీకటి, ఆ చీకట్లోంచి ఒక చెయ్యో, ఒక లాంతరో, ఒక చెంపో మాత్రం బయటికి వస్తాయి. సిరా దగ్గర పిసినారితనం లేని మనిషి. మూడో ఆయనకు నీడంటే గిట్టదు. అన్నీ చదును రంగులు. పిల్లల తలలు గుండ్రాళ్ళలా నున్నగా ఉంటాయి. మింగడానికి వచ్చిన సొరచేప కూడా చుట్టపుచూపుగా వచ్చినట్టు నవ్వుతుంటుంది. గీతలమ్మ చిన్నప్పుడు చదివింది ఆ కూర్పే. అందుకని ఆయన్ను ఎంత వెక్కిరించినా లోపల ప్రేమే. ఇక నాలుగో ఆయన పెన్సిల్‌తో గీసి వేలితో రుద్దేశాడు. సముద్రం ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో ఆయనకే తెలియాలి. నలుగురిలో ఆయనొక్కరే ఇంకా బతికి ఉన్నారు.

ఒకే వాక్యాన్ని నాలుగు చేతులు ఎలా చూశాయో పక్కపక్కన పెట్టి చూడటంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖంలోనే పేజీలు తిప్పుతూ గుహ ముందు నిలబడ్డ పిల్లల బొమ్మ దగ్గరికి వచ్చింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. కథలో పిల్లలు ముగ్గురు. బొమ్మలో నలుగురు.

నాలుగు కూర్పుల్లోనూ అంతే. ఎడమవైపు, మిగతావాళ్ళకు కాస్త ఎడంగా, మడమలు నీళ్ళలో పెట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. శైలులు మారాయి గానీ ఆ పిల్ల నిలబడ్డ చోటు మారలేదు. ఒక్క కూర్పులోనూ ఆ పిల్లకు మొహం లేదు. ఉక్కుపాళీ ఆయన వీపు మాత్రం చూపించాడు, జడలో వెంట్రుక వెంట్రుకా గీశాడు. కుంచె ఆయన మొహం ఉండాల్సిన చోట సిరా ఒలకబోశాడు. సొరచేపను నవ్వించినాయన ఆ పిల్ల నెత్తిన పెద్ద టోపీ దింపి చేతులు దులుపుకున్నాడు. పెన్సిల్ ఆయన గీసిన మొహాన్నే చెరిపేసినట్టుంది, కాగితం గరుకు కూడా అచ్చులో పడింది.

గీతలమ్మ వెంటనే కథలో ఆ బొమ్మ వచ్చే చోటు తీసింది. ఆ బొమ్మకు ఆధారమైన వాక్యం వెతికింది. "నలుగురూ చూస్తుండగానే పెద్దవాడు లాంతరు పైకెత్తి గుహలోకి అడుగుపెట్టాడు." చదివి ఒక్కతే పడీపడీ నవ్వింది. నలుగురూ చూస్తుండగా అంటే జనం చూస్తుండగా అని! ఒడ్డున జాలరివాళ్ళు ఉన్నారని పైపేజీలోనే ఉంది. నలుగురిలో పరువు పోయిందని ఎవరైనా అంటే ఆ నలుగురి పేర్లు చెప్పమని అడుగుతామా? ఆ ఉక్కుపాళీ ఆయన అంత పనీ చేశాడు. వేళ్ళ మీద లెక్కపెట్టి, ఒకళ్ళు తక్కువయ్యారనుకుని ఒక పిల్లను పుట్టించాడు. తర్వాతివాళ్ళు గుడ్డిగా ఆయన వెంట నడిచారు.

ఫోనులో చెబితే సంపాదకుడు కూడా నవ్వాడు. వాక్యం జోలికి వెళ్ళొద్దు, పిల్లను మాత్రం తీసెయ్యండి అన్నాడు. గీతలమ్మ ముగ్గురినే గీసింది. నాలుగో పిల్ల ఉండే చోట తడి ఇసుక గీసి ఊరుకుంది. బొమ్మ బాగానే కుదిరింది. కాకపోతే ఆ ఇసుక వైపు చూసినప్పుడల్లా అక్కడినుంచి ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టుండేది. మిగతా బొమ్మలు పూర్తయ్యాక మళ్ళీ చూద్దామని దాన్ని చెక్కకు బిగించి అలాగే ఉంచింది.

ఆ ఇంట్లో ఉండేది కూడా ముగ్గురే. ఆమె భర్తకు వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఎదుటివాళ్ళ చూపు సరిచేసే మనిషే గానీ తన కళ్ళజోడు తన నెత్తి మీదే పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే రకం. కూతురికి ఏడేళ్ళు. ఒక్కచోట కుదురుగా కూర్చోదు, కూర్చున్నా నోరు ఊరుకోదు, అందుకని పిచ్చుక అని పిలిచేవారు. పిచ్చుకను చూసినవాళ్ళంతా అచ్చు గుద్దినట్టు తల్లే అనేవారు. తండ్రి పోలిక గడ్డం మీది చిన్న సొట్ట ఒక్కటే. తల్లికి లేనిది అది. తల్లికి ఉండి కూతురికి లేనిది ఎడమ కనుబొమ మధ్యలో తెగిన గాటు. ఏడేళ్ళప్పుడు ఉయ్యాల మీదినుంచి పడితే మిగిలిన గుర్తు.

ముగ్గురిని గీసిన మర్నాటినుంచే మొదలైంది. భర్త దుకాణం నుంచి వస్తూ పళ్ళుతోముకునే బ్రష్షులు నాలుగు తెచ్చాడు. ఎందుకని అడిగితే, తడుముకుని, మనకే కదా అన్నాడు. పిచ్చుక పాలగ్లాసులు నాలుగు పెట్టింది. మెట్ల మీద కూర్చున్నప్పుడు పక్కకు జరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. గీతలమ్మ మొదట వాళ్ళను ఆటపట్టించింది, తర్వాత విసుక్కుంది. ఒకరోజు తనే భోజనాల బల్ల మీద కంచాలు సర్ది, నీళ్ళ కూజా తేవడానికి వెళ్ళి, తిరిగి వచ్చి చూస్తే బల్ల మీద నాలుగు కంచాలున్నాయి. అవి పెట్టింది తన చేతులే. అప్పుడు మాత్రం విసుక్కోలేకపోయింది.

మధ్యాహ్నం పిచ్చుకను మెట్ల మీద కూర్చోబెట్టి జడ వేస్తూ, నాలుగోది ఎవరికమ్మా అని మెల్లగా అడిగింది.

"తనకి. పుస్తకంలో చోటు లేదని నువ్వే చెప్పావట కదా. అందుకే మనింటికి వచ్చింది."

"ఎలా ఉంటుందే?"

"ఏమో. ఎప్పుడూ అటు తిరిగే ఉంటుంది. మొహం లేదు కదమ్మా, సిగ్గు." పిచ్చుక రిబ్బను కొస వేలికి చుట్టుకుంటూ గొంతు తగ్గించింది. "నా మొహం అడుగుతోంది. కాసేపే అంటోంది. ఇవ్వనా?"

గీతలమ్మ చేతిలో జడ విడిపోయింది. వద్దంటే వద్దంది. ఎవరేమడిగినా, ఎంత బతిమాలినా ఇవ్వొద్దని ఒట్టు వేయించుకుంది. పిచ్చుక ఒట్టు వేసింది గానీ, పాపం అమ్మా, అని కూడా అంది. ఆ జాలే గీతలమ్మను ఎక్కువ భయపెట్టింది. పిచ్చుక తన తాయిలం కూడా అడిగినవాళ్ళకు పెట్టేసే పిల్ల.

మర్నాడు సెలవు. కూతుర్ని భర్తకు అప్పగించి, కంటికి రెప్పలా చూసుకోమని ఒకటికి పదిసార్లు చెప్పి, పెన్సిల్ ఆయన ఇంటికి బయలుదేరింది.

ఆయన బాగా పెద్దవారు. ఎండ పడే గదిలో, గోడల మీద ఒక్క బొమ్మ కూడా లేకుండా కూర్చుని ఉన్నారు. ఉప్పుగుహ అనగానే ఆయన వేళ్ళు ఒళ్ళోని తువ్వాలును పట్టుకున్నాయి. గీతలమ్మ చెప్పిందంతా విని, ముగ్గురినే గీశావా అని మాత్రం అడిగారు. ఆమె తల ఊపింది.

"తప్పు చేశావమ్మా. పొరపాటున పిలిచినా పిలుపు పిలుపే కదా. ఆ మొదటాయన పిలిచాడు, అది వచ్చింది. వచ్చినదానికి నిలబడే చోటివ్వాలి. నాకు ముందువాళ్ళు ముగ్గురూ ఎందుకో ఏమో గానీ చోటిచ్చి మొహం దాచారు. నాకు అప్పట్లో ఒళ్ళంతా పొగరు. ఇదేం పిరికితనం, పిల్లకి మొహం లేకుండా ఎలా గీస్తామనుకున్నాను. మొహం గీశాను."

ఎవరి మొహం అని గీతలమ్మ అడిగేలోపు ఆయన భార్య టీ పట్టుకొచ్చారు. నవ్వుమొహం గల మనిషి. పిల్లలెంతమందమ్మా అని అడిగి, ఒక్కతే అంటే, అయ్యో ఒక్కతేనా అన్నారు. "నేను నలుగుర్ని కన్నాను. ముగ్గురు పెళ్ళిళ్ళయి ఎవరిళ్ళలో వాళ్ళున్నారు" అన్నారు. నాలుగో బిడ్డ సంగతి చెప్పబోయి ఆగారు. ఏదో పొయ్యి మీద మరిచిపోయినట్టు కాసేపు గుమ్మం వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

పెద్దాయన టీ ముట్టుకోలేదు.

"మాకు ముగ్గురేనమ్మా. కాగితాల్లో ముగ్గురు, ఫోటోల్లో ముగ్గురు. నా బుర్రలోనూ ముగ్గురే. ఆవిడ మాత్రం నలుగురంటుంది. ఆ రోజు బొమ్మ ముందు కూర్చుని, ఎవరి మొహం చూసి గీశానో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. భయమేసి చెరిపేశాను. చెరిపితే మొహం పోయింది. మనిషి తిరిగి రాలేదు." ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఇంటికెళ్ళి దానికి చోటివ్వు. వీపు గియ్యి, చాలు. మొహం మాత్రం వద్దు. ఒకవేళ పడిందా, చెరపకు."

గీతలమ్మ ఎలా ఇల్లు చేరిందో ఆమెకే తెలియదు. మెట్లెక్కి తలుపు తోసేసరికి భర్త భోజనాల బల్ల దగ్గర రొట్టె కోస్తున్నాడు. బల్ల మీద రెండు కంచాలున్నాయి.

"వచ్చావా? నీ గదిలో ఎవరో పాప కూర్చుని ఉంది. నీకు తెలిసినవాళ్ళ పిల్లేనా?" అన్నాడు మామూలుగా. "పేరడిగితే ఏడుపు మొహం పెట్టింది. పోనీలే, దానికీ కాస్త రొట్టె పెడదామా?"

గీతలమ్మ పనిగదివైపు పరుగెత్తింది. ఏడేళ్ళుగా పిచ్చుక ఈ మనిషి భుజం దిగలేదు.

పనిగదిలో, చెక్కకు బిగించిన బొమ్మ ముందు పిచ్చుక కూర్చుని ఉంది. వేళ్ళ నిండా సిరా. తడి ఇసుక మీద ఇప్పుడొక పిల్ల నిలబడి ఉంది. ఒళ్ళంతా పిల్లలు గీసే అగ్గిపుల్లల బొమ్మే, చేతులు రెండు గీతలు, కాళ్ళు రెండు గీతలు. మొహం మాత్రం ఏడేళ్ళ చేతి పని కాదు. ఉక్కుపాళీ నేతా, కుంచె చీకటీ, చదునుదనమూ, పెన్సిల్ మసకా అన్నీ ఒకే మొహంలో కలిసి, పిచ్చుక ఆ కాగితంలోంచి నేరుగా ఆమెనే చూస్తోంది. గడ్డం మీద సొట్టతో సహా.

"ఏడ్చిందమ్మా. అందుకే ఇచ్చాను. వెంటనే వెళ్ళిపోయింది. నాన్నేంటి నన్ను ఎవరి పాపవని అడుగుతున్నాడు?" అంది పిచ్చుక.

గీతలమ్మ కూతురివైపు చూసింది. చూస్తుండగానే, ఈ పిల్లను ఎక్కడో చూశానే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ బిగువున దాన్ని మింగేసింది. జడ తను వేసిందే, రిబ్బను తను కట్టిందే అని లోపల జపం చేసినట్టు అనుకుంటూ గుర్తుపట్టింది. ఇంకాసేపు ఆగితే ఆ పట్టు కూడా జారిపోతుందని తెలిసిపోయింది. ఆ భయం ఇంతా అంతా కాదు.

చెరిపితే మనిషే పోతుంది. చెరపడం ఎలాగూ ఆమెకు రాదు, గీయడమే వచ్చు. పోలిక ఎక్కడుంటుందో తెలిసిన చెయ్యి అది. ఆ మొహానికీ తన చిన్ననాటి మొహానికీ తేడా ఎంత? ఒక సొట్ట, ఒక గాటు. రెండు గీతల పని. ఆమె పాళీ సిరాలో ముంచింది. మోచెయ్యి బల్లకు ఆనించింది.

"కళ్ళు మూసుకో తల్లీ. తెరిచాక నాన్న దగ్గరికెళ్ళి ఆకలేస్తోందని చెప్పు."

"మరి నువ్వు?"

"నేను ఇక్కడే ఉంటాను."

పిచ్చుక కళ్ళు మూసుకుంది. గీతలమ్మ కూతుర్ని ఒక్కసారి కళ్ళారా చూసుకుంది. ఆ తర్వాత గడ్డం మీది సొట్టను సన్నటి గీతలతో పూడ్చేసింది. ఇక మిగిలింది ఎడమ కనుబొమ. దాని మధ్యలో చిన్న గాటు పెట్టింది.

తండ్రి రొట్టె కోసే కత్తి పట్టుకునే గదిలోకి తొంగిచూశాడు. "పిచ్చుకా, ఏం చేస్తున్నావే ఒక్కదానివీ? ఆ సిరా ఏంటి చేతులకి?" అన్నాడు. కుర్చీ ముందు పాళీ పడి ఉంది. దాని మొన ఇంకా తడిగా ఉంది. పిచ్చుక గదంతా ఒకసారి కలయజూసి, ఆకలేస్తోంది నాన్నా అని ఏడ్చింది. ఆకలికి అంత ఏడుపేంటే అని తండ్రి ఎత్తుకున్నాడు.

ఉప్పుగుహ ఐదో కూర్పు బాగా వచ్చింది. బొమ్మలు వేసినవారి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎవరితో వేయించామో, ఆ బొమ్మలు తన బల్ల మీదికి ఎలా చేరాయో గుర్తు రాక సంపాదకుడు తల గోక్కున్నాడు. గుమాస్తా కూడా చెప్పలేకపోయాడు. పాత కూర్పులతో పోల్చి చూసినవాళ్ళు మాత్రం, ఇన్నాళ్ళకు ఆ నాలుగో పిల్లకు మొహం వచ్చిందని సంతోషించారు. కనుబొమ తెగిన పిల్ల, చూస్తే ఇంకా చూడాలనిపిస్తుంది, కానీ గుహవైపు చూడకుండా పేజీ బయటికి ఎవరినో వెతుకుతున్నట్టు చూస్తుందేంటి అన్నారు. తండ్రి ఆ పుస్తకం కొని తెచ్చిన రోజు పిచ్చుక ఆ పేజీ తీసి, ఆ కనుబొమ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. ఎందుకే అంటే తెలీదంది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం భోజనాల వేళకు తండ్రి లోపలినుంచి వచ్చేసరికి బల్ల మీద మూడు కంచాలున్నాయి. ఆ పుస్తకం వచ్చినప్పటినుంచీ రోజూ ఇదే వరస. తల్లి లేని పిల్ల, ఏదో ఊహించుకుంటోందని ఆయన పోనిస్తూ వచ్చాడు. ఆ రోజు మూడో కంచంలో రొట్టె కూడా పెట్టి ఉంది. ఆయనకు నవ్వొచ్చింది, ఎందుకో తెలియని దుఃఖమూ వచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇదేం పిచ్చే తల్లీ. నలుగురూ చూస్తే నవ్విపోతారు."

పిచ్చుక మూడో కంచం పక్కన గ్లాసు సరిగ్గా జరిపి పెట్టింది.

"నలుగురు కాదు నాన్నా," అంది. "ముగ్గురం."

ఆయన ఆ కంచం తీయలేదు.